డోగిమ్ రెండుసార్లు కాదంది

మొన్న సంక్రాంతికి మా పిన్ని కూతురు ఇంటికొచ్చినప్పుడు ‘ద రెడ్ స్లీవ్’ అనే కొరియన్ సీరియల్ చూసి రెండు రోజులు ఏడ్చానని చెప్పింది. ఏడవడం నాకు అర్థమైంది, నేనూ ఏడ్చాను. ఆ తర్వాత అది అన్న మాటే మింగుడుపడలేదు. “అక్కా, ప్రేమిస్తే ఆ రాజులా ప్రేమించాలి. ఒక్కదాని కోసం పదిహేనేళ్లు ఎదురుచూశాడు. అలాంటోడు దొరికితే చాలు” అంది. మధ్యలో అరిసెల పళ్లెం, చుట్టూ పిల్లల గోల. వాదన పెట్టుకునే చోటు కాదది. “మరి ఆమె సంగతో?” అని మాత్రం అడిగాను. “ఆమె కూడా ప్రేమించిందిగా. చెప్పలేదంతే” అంది.

చెప్పలేదంతే. ఆ ఒక్క మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పండగ అయిపోయి అందరూ ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లాక మళ్లీ మొదటి ఎపిసోడ్ నుంచి పదిహేడూ చూశాను, మూడోసారి. దానికి ఆరోజు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. చూడనివాళ్లుంటే ఇక్కడే ఆగండి, చివరిదాకా కథ చెప్పకుండా నా మాట చెప్పలేను.

నా ఉద్దేశం ఇది. నేను చూసిన కొరియన్ చారిత్రక సీరియళ్లన్నిటిలో ఇది మేలైనది. కారణం రాజు ప్రేమ కాదు. ఒక పరిచారిక రాజును కాదనడాన్ని అది పదహారు ఎపిసోడ్ల పాటు ఎక్కడా చిన్నచూపు చూడకుండా, బెట్టు అని కొట్టిపారేయకుండా చూపించింది. చివరి కొద్ది నిమిషాల్లో మాత్రం ఆ మాట తప్పింది. లేక తప్పిందని నేను చాలాకాలం అనుకున్నాను.

ఎర్రటి అంచు

సీరియల్ కొరియన్ పేరుకు అర్థం చొక్కా చేతికుండే ఎర్రటి అంచు. జోసన్ అంటే పాత కొరియా రాజ్యం. అక్కడి రాజభవనంలో పరిచారికల చేతి అంచు ఎర్రగా ఉండేదని, అది ఈమె రాజుగారి మనిషి అని చెప్పే గుర్తు అని సీరియల్ చెబుతుంది. వాళ్లను చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే లోపలికి తెచ్చేవారు. ఏళ్ల తరబడి పని నేర్చుకున్నాక ఒక వేడుక చేస్తారు. పెళ్లికూతురిలా ముస్తాబు చేస్తారు, పక్కన పెళ్లికొడుకు ఉండడు. ఆ రోజు తర్వాత ఆమెకు జీవితంలో ఇంక పెళ్లి లేదు. బయటి మగవాడితో సంబంధం ఉందని తెలిస్తే తల తీయిస్తారు. జబ్బు ముదిరితే బయటికి పంపించేస్తారు, ఎందుకంటే ఆ గోడల లోపల ప్రాణం విడిచే అర్హత రాజకుటుంబానికి మాత్రమే.

ఇంత బిగువులోనూ మన కథలోని పరిచారిక డోగిమ్ తనకంటూ ఒక చోటు చేసుకుంటుంది. కథల పుస్తకాలకు నకళ్లు రాసి నాలుగు డబ్బులు సంపాదిస్తుంది. తోటివాళ్లను కూర్చోబెట్టుకుని గొంతులు మార్చి కథ చదివి వినిపిస్తుంది. గ్యోంగ్హి, బోగ్యోన్, యోంగ్హి అని ముగ్గురు స్నేహితురాళ్లు. నెల జీతం ఉంది, పని లేని రోజు ఉంది, ఆ రోజు ఏం చేయాలో తేల్చుకునే వీలుంది. మొదటి ఎపిసోడ్లలో దర్శకురాలు జంగ్ జీ-ఇన్ ఈ చిన్నచిన్న సంగతుల మీద అంతసేపు ఎందుకు ఆగిందో నాకు మొదటిసారి చూసినప్పుడు తెలియలేదు. తర్వాత ఆమె ఏం పోగొట్టుకోబోతోందో మనం రూపాయి అణాలతో సహా లెక్కగట్టుకోవాలని అలా చూపించారు.

రాజు అడిగేది ఉపరాణి కమ్మని. పట్టుబట్టలు, బిరుదు, సొంత భవనం వస్తాయి. పని పోతుంది. నడిచి వెళ్లడం పోతుంది. ఒకే గదిలో పడుకుని కబుర్లు చెప్పుకున్న ముగ్గురూ ఇకనుంచి ఆమె ఎదుట తల వంచి నిలబడాలి. పగలంతా ఒక మనిషి ఎప్పుడొస్తాడా అని కూర్చోవాలి, ఆ మనిషికి వేరే రాణులుంటారు. నేను తమ మనిషినే కానీ నాలో ఉన్నదంతా తమది కాదు అనే అర్థంలో ఆమె ఒకచోట అతనితో అంటుంది. ఒక పరిచారిక కాబోయే రాజుతో ఆ మాట అనడం మామూలు సంగతి కాదు.

అందరూ మెచ్చుకునే కుట్రల భాగం నాకు అంతగా రుచించలేదని కూడా చెప్పాలి. పరిచారికలంతా కలిసి రహస్య సంఘం పెట్టి, అప్పటికింకా యువరాజుగానే ఉన్న మన రాజు ఇ సాన్‌ను చంపాలని చూడడం, అడవిలో కత్తియుద్ధం, ఇవన్నీ కల్పన. మధ్యలో నాలుగైదు ఎపిసోడ్లు తినేశాయి. ఇ సాన్ తాత, ముసలి రాజు యోంగ్జోగా లీ డోక్-హ్వా చేసినదాన్ని చూస్తే కళ్లు తిప్పుకోలేం. 1762లో కన్నకొడుకును, అంటే ఇ సాన్ తండ్రి సాదోను, బియ్యం పెట్టెలో పెట్టి ఎనిమిది రోజులు మాడ్చి చంపిన తండ్రి, అదే చేతులతో మనవడి తల నిమిరే తాత, రెండూ ఒకే ముఖంలో కనిపిస్తాయి. అలాంటి తాత చేతుల్లో పెరిగిన పిల్లవాడికి పక్కన నమ్మకమైన మనిషి ఒకరు కావాలన్న ఆకలి ఎంతుంటుందో తెలుస్తుంది. ఇ సాన్ మీద నాకు కోపం లేదు, జాలి ఉంది. అయితే అతని ఆకలి ఆమె అప్పు కాదు.

అమ్మ అడిగింది

రెండోసారి ఈ సీరియల్ అమ్మతో కలిసి చూశాను. మోకాలి నొప్పికి చూపించుకోవడానికి వచ్చి నెలరోజులు మా దగ్గరుంది. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో వస్తాయి కాబట్టి నేను పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ ఉండేదాన్ని. అలా చెప్పడం మొదలుపెట్టాకే ఇంగ్లీషు ఎంత మింగేస్తోందో తెలిసింది. పరిచారికగా ఉన్నప్పుడు డోగిమ్ తనను తాను ‘సోయిన్’ అనుకుంటుంది, అంటే చిన్నదాన్ని, అల్పురాలిని అని. ఉపరాణి అయ్యాక ‘షిన్‌చొప్’ అంటుంది, రాజుకు భార్యస్థానంలో ఉన్న స్త్రీ తన గురించి చెప్పుకునే మాట. సబ్‌టైటిల్‌లో రెండూ ఒకే ‘నేను’. ఆమె జీవితం మొత్తం మారిపోయిన చోట కింద అక్షరం కూడా మారదు. తెలుగులో చెప్పేటప్పుడు నేను మొదట ‘ఈ దాసి’ అని, తర్వాత ‘నేను’ అని చెప్పాను. ‘మీరు’, ‘తమరు’, ‘ఏలినవారు’ ఉన్న భాషలో పెరిగినవాళ్లం, ఆ తేడా మన చెవికి ఇట్టే అందుతుంది. అమ్మ వెంటనే పట్టుకుంది. “ఇప్పుడు దాసి అనట్లేదేం?” అంది.

రాజు అడగడం, ఆమె కాదనడం, కొన్నాళ్లకు మళ్లీ అడగడం వచ్చినప్పుడు అమ్మ ఇంకో ప్రశ్న వేసింది. “కాదంది కదా. మళ్లీ ఎందుకడుగుతున్నాడు?”

“ప్రేమమ్మా” అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎపిసోడ్ అయిపోయి టీ పెట్టుకుని తాగుతుంటే చెప్పింది. తన పెళ్లిచూపుల్లో పిల్లవాడు నచ్చాడా అని ఒక పెద్దాయన అడిగాడట. పదిహేడేళ్ల పిల్ల, ఇంటినిండా జనం, తల వంచుకుని కూర్చుంది. “మౌనం అర్ధాంగీకారం” అన్నాడట ఆయన. అందరూ నవ్వారట. తాంబూలాలు పుచ్చేసుకున్నారు. “నచ్చలేదని కాదు, నచ్చాడని కాదు. నాకేం తోచలేదు. ఇంకోసారి అడిగితే ఏం చెప్పేదాన్నో నాకే తెలీదు. అడగలేదు” అంది. నేను ఏదో అనబోతే, “మీ నాన్న మంచోడే. అది వేరే సంగతి” అంది.

ఈ సీరియల్ గురించి నేను చదివిన వ్యాఖ్యలన్నిటికంటే ఆ చివరి ముక్క నాకు ఎక్కువ పనికొచ్చింది. ఇ సాన్ మంచివాడే. చదువుకున్నవాడు, ప్రజల గురించి ఆలోచించేవాడు, ఆమె మీద నిజంగా ప్రాణం పెట్టుకున్నవాడు. అది వేరే సంగతి. మా చెల్లి ఆ రెండు సంగతులనూ ఒకటి చేసి చూస్తోంది. మంచివాడు ప్రేమించాడు కాబట్టి ఆమె మౌనాన్ని ఔననే లెక్కలో వేసేసింది. ఒక్క దాన్నే అనడం కూడా తగదు. హీరో వెంటపడుతూనే ఉంటే హీరోయిన్ ఎప్పుడో ఒకప్పుడు మెత్తబడుతుందనే కథలు చూస్తూ పెరిగినవాళ్లం మనమంతా. కాదనడం అంటే ఇంకా ఔననకపోవడం అనే మన చెవులు నేర్చుకున్నాయి.

రాజు రాసిన రాత

ఈ కథకు చరిత్రలో ఆధారముంది. ఇ సాన్ అంటే 1776 నుంచి 1800 వరకు జోసన్‌ను ఏలిన జోంగ్జో. డోగిమ్ 1753లో పుట్టిన ఉయిబిన్ సోంగ్ అనే ఉపరాణి. పదేళ్ల పిల్లగా రాజభవనానికి వచ్చింది. 1786లో ఆమె చనిపోయినప్పుడు రాజు తన చేత్తో సమాధి లేఖ రాశాడు. ఆమె తనను రెండుసార్లు కాదన్న సంగతి అందులోనే ఉంది. మొదటిసారి అడిగినప్పుడు ఇద్దరూ పదిహేనేళ్ల లోపువాళ్లు. రాణికి ఇంకా సంతానం కలగలేదు, నేను ఒప్పుకోలేను అని ఆమె కన్నీళ్లు పెట్టుకుని చావడానికైనా సిద్ధపడింది. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ అడిగాడు. మళ్లీ కాదంది.

ఆ తర్వాతి వాక్యం చాలామంది చెప్పరు. రాజు ఆమె సేవకులను తిట్టి శిక్షించాడు, అప్పుడు ఆమె ఆజ్ఞకు తలవంచింది. తనంతట తనే రాసుకున్నాడు ఆ సంగతి. మా చెల్లి చెప్పిన పదిహేనేళ్ల ఎదురుచూపు చివర ఉన్నది ఇది. తనను శిక్షిస్తే లొంగని మనిషి తన కింద పనిచేసేవాళ్ల ఒంటి మీద దెబ్బ పడితే లొంగింది. సీరియల్ ఈ ముక్క మీద ఆమె నిర్ణయాన్ని నిలబెట్టలేదు. అక్కడ చివరి అడుగు ఆమే వేసినట్టు చూపించారు. జనం రాజును క్షమించాలంటే ఆ శిక్ష సంగతి పక్కన పెట్టక తప్పదని రచయిత్రి అనుకుని ఉండవచ్చు. నాకైతే అది ఉంటేనే కథ ఇంకా బరువెక్కేది.

ఇక్కడే నా మొదటి అనుమానం. రాణికి పిల్లలు లేరని ఆమె చెప్పిన కారణం నిజంగా ఆమెదేనా? చనిపోయిన ప్రియురాలి గుణగణాలు రాస్తున్న రాజు కలం నుంచి వచ్చిన కారణమది. రాణిని గౌరవించింది, హద్దు తెలిసిన మనిషి అని చెబితే ఆమెకు గౌరవం, ఆయనకూ గౌరవం. ఒక పరిచారిక రాజుతో నాకిష్టం లేదు అని చెప్పే వీలుండదు. ఎవరూ తప్పు పట్టలేని కారణం వెతుక్కుంటుంది. మన ఇళ్లలో ఆడపిల్లలు సంబంధం వద్దనడానికి జాతకాన్నో చదువునో అడ్డుపెట్టుకోవడం నేను కళ్లారా చూశాను. సీరియల్ ఆ మర్యాద మాట వెనక్కి వెళ్లి, ఆమెకు నిజంగానే ఇష్టం లేకపోతే? అని అడిగింది. ఈ సీరియల్‌కు మూలమైన నవలలో కాంగ్ మీ-కాంగ్ అడిగిన ఆ ప్రశ్నే ఈ కథ ప్రాణం.

ఇదే మనిషి మీద, ఈ సీరియల్ తీసిన ఎంబీసీ చానలే 2007లో ‘ఇ సాన్’ అని డెబ్బై ఏడు ఎపిసోడ్ల సీరియల్ తీసింది. అందులో ఆమె చిత్రకళా కార్యాలయంలో పనిచేసే సోంగ్-యోన్. చిన్ననాటి నుంచి రాజునే తలచుకుని, అతని కోసమే బతికి, అతని కోసమే పోతుంది. ఆ సీరియల్ నాకిష్టమే. కానీ అందులో ఆమె కాదనాల్సిన అవసరమే రాలేదు. పద్నాలుగేళ్ల తర్వాత అదే చరిత్రలోంచి అదే మనిషిని తీసి, కాదన్న రెండు మాటలనూ తిరిగి ఆమె నోట్లో పెట్టడం చిన్న పని కాదు.

చివరి కోరిక

నా వాదనకు ఎదురు నిలిచేవి రెండు సన్నివేశాలు, రెండూ చివరి ఎపిసోడ్‌లోనే.

డోగిమ్‌కు రాజు వల్ల పుట్టిన కొడుకు మున్హ్యో నాలుగేళ్లు నిండకుండానే 1786లో తట్టు సోకి పోయాడు. సీరియల్‌లో ఆ కాలంలోనే యోంగ్హికి ఒక మగవాడితో ఉన్న సంబంధం బయటపడుతుంది. డోగిమ్ ప్రాధేయపడుతుంది. చట్టం చట్టమేనంటాడు రాజు. ప్రేమించిన మనిషి అడిగినా ఎర్రటి అంచు అంచే. యోంగ్హి పోతుంది. కడుపుతో ఉన్న డోగిమ్ మంచం పడుతుంది. ప్రాణం పోయే ముందు ఆమె కలవరించింది స్నేహితురాళ్ల కోసం. రాజు వచ్చి పక్కన కూర్చుంటే, మీరు నిజంగా నన్ను తలిచేవారైతే వచ్చే జన్మలో కనబడినా తెలియనట్టు పక్కనుంచి వెళ్లిపోండి అని అడుగుతుంది. అతను కుప్పకూలిపోతాడు. నా మీద నీకు కాస్తయినా మనసు లేదా అంటాడు. అప్పుడామె, ఇంకా తెలియలేదా, నిజంగా ఇష్టం లేకపోతే ఎలాగైనా పారిపోయి ఉండేదాన్ని, మీ దగ్గర ఉండిపోవడం నేను ఎన్నుకున్నదే అంటుంది.

మా చెల్లి ఈ మాట పట్టుకుంటుందని నాకు తెలుసు. తన పక్షాన గట్టి సాక్ష్యమే. నేను దాన్ని తోసిపుచ్చను. ఆమెకు అతని మీద ప్రేమ ఉండి ఉండవచ్చు. ఉంది అనే నేనూ అనుకుంటాను. అయినా ప్రేమ ఉండీ ఇంకోసారి వద్దు అనడం కుదురుతుంది. ఆ రెండు మాటలూ ఒకే మంచం మీద, ఒకే ఊపిరిలో ఆమె చేత అనిపించారు. ఒకదాన్ని విని రెండోదాన్ని వదిలేయకూడదు. ఈ జన్మలో ఉండిపోయాను, అది నా నిర్ణయం. వచ్చే జన్మలో వద్దు, అదీ నా నిర్ణయం.

రెండో సన్నివేశం ముగింపు. ముసలివాడైన రాజు కన్నుమూసి తెరిస్తే తిరిగి పాత రోజుల్లో ఉంటాడు, డోగిమ్ ఎదురుగా ఉంటుంది. అతనికి అది కలో, గతమో, చావు తర్వాతి లోకమో తెలుసుకోవాలని లేదు. ఇక్కడే ఉండిపోతాను, దయచేసి నన్ను ప్రేమించు అని వేడుకుంటాడు. ఆమె ముద్దు పెడుతుంది. క్షణమే శాశ్వతమైందనే మాటతో తెర పడుతుంది.

మొదటిసారి చూసినప్పుడు టీవీ ఆపేసి చాలాసేపు కూర్చున్నాను. తెలియనట్టు వెళ్లిపోమని ఆమె అడిగిన ఒకే ఒక్క చివరి కోరికను కూడా అతను చెల్లించలేదనిపించింది. బతికున్నప్పుడు రెండుసార్లు కాదన్న మనిషి చచ్చాక ఒక్కసారి కూడా కాదనలేకపోయింది. అతని కలలోకి వచ్చి అతనికి కావలసింది ఇచ్చేసింది. ఇంత జాగ్రత్తగా నడిపించిన కథకు ఇదేం ముగింపు అని కోపం వచ్చింది. కొడుకు పోయిన చోటో, రాజు ఒంటరిగా ఆమె వస్తువుల ముందు కూర్చున్న చోటో ఆపేసి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను.

అమ్మ ఈ ముగింపు చూసి నాలా కోప్పడలేదు. “అది వాడి కల కదే. వాడి కలలో ఆమె వాడు చెప్పినట్టే వింటుంది” అంది. అప్పుడు నాకు తోచలేదు గానీ, మూడోసారి చూసేటప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. నిజంగానే ఆమె గురించి మనకు తెలిసినదంతా అతను తలుచుకున్నదే. ఏడ్చిందని అతనే రాశాడు. కాదందని అతనే రాశాడు. ఎందుకు కాదందో కూడా అతనే రాశాడు. అది నిజం కాకపోవచ్చని తెర ముందే చెప్పేసింది, అతనికీ తెలుసు. ఒక మగవాడి జ్ఞాపకంలో మిగిలిన ఆడమనిషి చివరికి అతని కలలాగే మాట్లాడుతుందని చూపించారేమో. ఈ వాదన నాకు సగం ఒప్పుదల. మిగతా సగం ఇప్పటికీ ఒప్పుకోదు, ఎందుకంటే ఆ కలను చూపించిన కెమెరా అతని పక్షానే నిలబడింది. సంగీతం అతని పక్షానే మోగింది. చూసినవాళ్లలో ఎక్కువమంది మా చెల్లి విన్నదే విన్నారు.

ఆమె చేతిరాత

ఆమె సమాధి మొదట కొడుకు సమాధి పక్కనే సియోల్‌లోని హ్యోచాంగ్ వనంలో ఉండేది. జపాన్ పాలన చివరి రోజుల్లో, 1944లో, ఆ సమాధులను నగరం బయట ఉన్న సోసమ్నుంగ్ అనే రాజసమాధుల చోటికి తరలించారు. అక్కడ తల్లి ఒకచోట, కొడుకు ఒకచోట. రాజు సమాధి హ్వాసోంగ్ అనే ఊళ్లో, రాణి హ్యోయితో కలిసి ఉంది.

రాజు రాతలో కాకుండా ఆమె వదిలిన గుర్తు ఒకటుంది. 1773లో, ఇంకా ఉపరాణి కాకముందు, ఇ సాన్ చెల్లెళ్లతో కలిసి ఆమె ‘గ్వాక్ జాంగ్ యాంగ్ మున్ నోక్’ అనే పది సంపుటాల కథల పుస్తకానికి నకలు రాసింది. సీరియల్‌లో ఆమె నకళ్లు రాసే పని పెట్టింది ఊరికే కాదు. ఆ పుస్తకాన్ని కలిసి రాసిన పరిచారికల పేర్లు కూడా దాంట్లోనే నమోదై ఉన్నాయి. యోంగ్హి, గ్యోంగ్హి, బోగ్యోన్. కథలోని ముగ్గురు స్నేహితురాళ్ల పేర్లు అక్కడివే. నిజజీవితంలో వాళ్లు ఆమెకు ఎంత దగ్గరో ఎవరూ రాసిపెట్టలేదు. నలుగురూ వంతులవారీగా కూర్చుని, వేరెవరి కథనో తమ చేత్తో రాసుకుంటూ పోయారు.

ఈ సంగతి చెప్పాలని నిన్న రాత్రి చెల్లికి ఫోన్ చేశాను. ఆఫీసు నుంచి వస్తోంది, ఆటోలో ఉంది, హారన్ల మధ్య సగమే వినపడింది. “ఆ పేర్లు నిజమేనా అక్కా?” అని రెండుసార్లు అడిగింది. నిజమేనన్నాను. కాసేపాగి, “మరి చచ్చిపోయేముందు వాళ్లనే పిలవమంది కదా” అంది.